గేరుబాక్సు దించే ముందు, దించిన తరువాత



రేణిగుంట, తిరుపతి, శ్రీకాళహస్తి మధ్య తిరిగే అద్దె కార్లు మీరంతా చూసినవే. తెల్లారేసరికి రేణిగుంట స్టేషన్ దగ్గర యాత్రికులను ఎక్కించుకుంటాయి. అలిపిరి దాటి తిరుమల కొండ ఎక్కుతాయి, దర్శనం అయ్యాక దిగుతాయి. ఆ తరువాత కాళహస్తి. ఆదివారమైతే సాయంత్రం 4.30 నుంచి 6 దాకా రాహుకాలం. ఆ వేళకు రాహుకేతు పూజలో కూర్చోవాలని బండ్లన్నీ ఒక్కసారిగా గుడి వైపు మళ్లుతాయి. అడుగు కదలడం, ఆగడం, మళ్లీ అడుగు కదలడం. అంతసేపూ డ్రైవరు ఎడమకాలు క్లచ్ మీదనే ఉంటుంది.

ఇట్లా తిరిగిన బండి కొన్నాళ్లకు మొదటి గేరులో కదిలేటప్పుడు వణకడం మొదలుపెడుతుంది. యజమాని షెడ్డుకు తెచ్చి, "అన్నా, క్లచ్ పొయ్యింది, ప్లేటు మార్చెయ్" అంటాడు. మెకానిక్కు గేరుబాక్సు దించి ప్లేటు మార్చి పంపిస్తాడు. నెల తిరక్కుండా బండి మళ్లీ వణుకుతుంది. మళ్లీ గేరుబాక్సు దించాలి, మళ్లీ కూలి, మళ్లీ రెండు రోజులు బండి మూల. ఇద్దరూ కలిసి కొత్త ప్లేటు నాసిరకమని తీర్మానిస్తారు. చాలాసార్లు ప్లేటుది ఏ పాపమూ ఉండదు. అది ఆనుకునే ఇనుప చక్రాన్ని ఎవరూ సరిగ్గా చూడలేదు, అంతే. ఆ చక్రమే ఫ్లైవీల్. ఈ పూట దాని గురించే చెబుతాను.

చిత్తూరు వైపు బెల్లం గానుగలు చూసిన పెద్దవాళ్లకు ఫ్లైవీల్‌ను పరిచయం చేయనక్కరలేదు. చెరకు ఆడించే ఆయిల్ ఇంజనుకు పక్కన బరువైన పెద్ద చక్రం ఉండేది. హ్యాండిల్ వేసి తిప్పి తిప్పి, చక్రం ఊపందుకున్నాక వదిలితే ఇంజను డుగుడుగుమని అందుకునేది. ఒకే సిలిండరు ఇంజనులో రెండు చుట్లకు ఒక్కసారే ఇంధనం మండి బలం పుడుతుంది. మిగతా సమయమంతా ఆ చక్రం దాచుకున్న ఊపుతోనే ఇంజను తిరగాలి. కారు ఇంజనులోనూ సూత్రం అదే. నాలుగు సిలిండర్లు కాబట్టి చుట్టుకు రెండుసార్లు బలం వస్తుంది, అందువల్ల చక్రం చిన్నదైనా చాలు. మామూలు కార్లలో అది సుమారు 6 నుంచి 10 కిలోలు ఉంటుంది. క్రాంక్ షాఫ్ట్ వెనక చివర బోల్టులతో బిగించి ఉంటుంది.

కారులో దానికి ఇంకో రెండు పనులు కూడా ఉన్నాయి. చక్రం అంచున పళ్ల పట్టీ ఒకటి ఉంటుంది, దాన్ని రింగ్ గేర్ అంటారు. తాళంచెవి తిప్పినప్పుడు సెల్ఫ్ మోటారు చిన్న పళ్ల చక్రం వచ్చి దాన్నే పట్టుకుని ఇంజనును తిప్పుతుంది. ఇక చక్రం నున్నటి ముఖం క్లచ్ ప్లేటుకు ఒక గోడ. ఆ గోడకూ, అటువైపు నుంచి నొక్కే ప్రెషర్ ప్లేటుకూ మధ్య క్లచ్ ప్లేటు నలిగి పట్టుకుంటేనే ఇంజను బలం గేరుబాక్సుకు, అక్కడి నుంచి టైర్లకు చేరుతుంది. ఆటోమేటిక్ బండ్లలో కొన్ని టార్క్ కన్వర్టర్‌వి. వాటిలో ఈ రాపిడి ముఖం ఉండదు కనుక, ఇప్పుడు చెప్పబోయేది క్లచ్ పెడలు ఉన్న బండ్ల సంగతి.

ఆ ముఖం ఎందుకు పాడవుతుంది? వేడి వల్ల. ఒక లెక్క చెబుతాను. మనుషులు, సామాన్లతో కలిపి 2 టన్నులున్న బండి, పది మీటర్లకు ఒక మీటరు ఎత్తు లేచే వాలు మీద ఆగిందనుకోండి. డ్రైవరు బ్రేకు తొక్కకుండా హాఫ్ క్లచ్‌లో, కొంచెం యాక్సిలేటరు ఇస్తూ బండిని వెనక్కి జారకుండా నిలబెట్టాడు. బండి కదలడం లేదు, కాబట్టి ఇంజను ఇచ్చే బలమంతా క్లచ్ దగ్గర వేడిగా మారుతుంది. లెక్క కడితే సుమారు 5, 6 కిలోవాట్లు. ఇళ్లలో వాడే 2 కిలోవాట్ల గీజర్లు మూడింటిని ఆ చిన్న డబ్బాలో పెట్టి వేసినట్టు. ఒక్క నిమిషం అట్లా నిలిపితే ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేటు ఇనుము మొత్తం నలభై, యాభై డిగ్రీలు వేడెక్కుతుంది. పైపొర వేడి అంతకు ఎన్నో రెట్లు. ప్లేటు రాసుకునే చోట ఇనుము నీలిరంగుకు తిరుగుతుంది. కారులోకి వచ్చే ఆ కాలిన కమురు వాసన ప్లేటు పూతది.

తిరుమలకు 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1970లలో వచ్చిన రెండో రోడ్డు ఎక్కడానికి వాడుతున్నాం. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నిబంధన డ్రైవర్లందరికీ నోటికి వచ్చినదే. నిజానికి ఆగకుండా కదులుతున్న బండి ఘాట్ ఎక్కడం వల్ల ఫ్లైవీల్‌కు పెద్ద హాని లేదు. క్లచ్ పూర్తిగా పట్టుకుని ఉంటే రాపిడే ఉండదు. చెరుపంతా ముందు బస్సు ఆగినప్పుడు, టోల్‌గేటు వరుసలో, గుడి వీధిలో. అంటే ఎక్కువ వేగంగా పోయిన బండి కంటే ఎక్కువసార్లు ఆగిన బండి ఫ్లైవీల్ ముందు పోతుంది. కొండ దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసేవాళ్లు కొందరున్నారు. వాళ్లకు ఫ్లైవీల్ మిగులుతుందేమో, బ్రేకులు మాత్రం మిగలవు. ఆ పని చేయకండి.

ఇనుము గురించి కూడా ఒక మాట. మన కాళహస్తి పక్కన రాచగున్నేరిలో ఇనుప పైపుల కర్మాగారం ఉంది. అక్కడ తయారయ్యేవి డక్టైల్ ఐరన్ పైపులు. కరిగిన ఇనుములో కొద్దిగా మెగ్నీషియం కలిపితే లోపలి గ్రాఫైట్ గుండ్రటి గింజలుగా మారుతుంది, పైపు పగలకుండా కాస్త వంగి తట్టుకుంటుంది. మామూలు కారు ఫ్లైవీల్ ఎక్కువగా గ్రే ఐరన్. అందులో గ్రాఫైట్ రేకులు రేకులుగా ఉంటుంది. ఆ రేకుల వల్ల వేడి త్వరగా పాకిపోతుంది, వణుకు అణుగుతుంది, రాపిడికి బాగా ఓర్చుకుంటుంది. కానీ లాగితే ఆ రేకుల వెంటే బీట పడుతుంది. ఫ్లైవీల్ మీద చీలిక కనిపిస్తే మెకానిక్కులు భయపడేది ఇందుకే. నిమిషానికి మూడు నాలుగు వేల చుట్లు తిరిగే చక్రం పగిలితే ముక్కలు గేరుబాక్సు గూడును చీల్చుకుని బయటికి వస్తాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. గేరుబాక్సు దించకముందే జబ్బు ఏదో ఎంతవరకు తెలుసుకోవచ్చు? చాలావరకు తెలుసుకోవచ్చు.

ముందు జారుడు. ఎత్తు ఎక్కుతుంటే ఇంజను రొద పెరుగుతుంది, బండి వేగం మాత్రం పెరగదు. అనుమానం ఉంటే చదునైన ఖాళీ జాగాలో, బండికి ముందూ వెనకా మనిషి లేకుండా చూసుకుని, హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, బ్రేకు తొక్కిపట్టి, మూడో గేరు వేసి మెల్లగా క్లచ్ వదలండి. క్లచ్ బాగుంటే ఇంజను వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉందంటే ప్లేటు జారుతోంది. ఈ పరీక్ష ఒక్కసారి చాలు. పదే పదే చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలిపోతుంది. అయితే జారుడు అనగానే ఫ్లైవీల్ అనుకోవద్దు. ప్లేటు అరిగినా, ప్రెషర్ ప్లేటు స్ప్రింగు మెత్తబడినా, ఆయిల్ పడినా జారుతుంది.

రెండోది వణుకు. కదిలేటప్పుడు మాత్రమే వణికి, క్లచ్ పూర్తిగా వదిలాక సర్దుకుంటే, ఫ్లైవీల్ ముఖం మీద గట్టిపడ్డ మచ్చలో, వంకరో ఉండే అవకాశం ఎక్కువ. ఇక్కడ చాలామంది తొందరపడతారు. ఇంజను మౌంటు రబ్బర్లు చిరిగినా అచ్చం ఇట్లాగే వణుకుతుంది. బానెట్ తెరిచి, ఒకరు బ్రేకు తొక్కిపట్టి మొదటి గేరులో, తరువాత రివర్సులో క్లచ్ కొద్దిగా వదులుతుంటే, ఇంకొకరు పక్కన నిలబడి చూడాలి. ఎదురుగా మాత్రం నిలబడకూడదు. ఇంజను ఎగిరెగిరి పడుతుంటే ముందు మౌంట్లు మార్చండి. గేరుబాక్సు జోలికి పోకుండానే సగం బండ్లు ఇంటికి పోతాయని నేననను గానీ, కొన్ని తప్పక పోతాయి.

మూడోది శబ్దం. బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో, క్లచ్ తొక్కి వదిలి వినండి. తొక్కినప్పుడే కిర్రుమంటే రిలీజ్ బేరింగు. వదిలినప్పుడు మోగి, తొక్కగానే ఆగితే గేరుబాక్సు లోపలి బేరింగు మీద అనుమానం. ఇంజను ఆపేటప్పుడు, స్టార్టు చేసేటప్పుడు అడుగు నుంచి దడదడమని కొట్టుకున్నట్టు వస్తే, అది డీజిల్ బండి అయితే, రెండు ముక్కల ఫ్లైవీల్‌ను అనుమానించాలి. దాని సంగతి తరువాత చెబుతాను.

ఇక నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది రింగ్ గేర్ జబ్బు. సెల్ఫ్ కొడితే గర్రుమని పళ్లు రాసుకుంటాయి, లేదా మోటారు ఒట్టిగా తిరుగుతుంది, ఇంజను కదలదు. కొన్నిసార్లు ఇట్లా, కొన్నిసార్లు మామూలుగా. బ్యాటరీ మారుస్తారు, సెల్ఫ్ మోటారు విప్పుతారు, తేడా ఉండదు. కారణం ఏమిటంటే, ఇంజను ఆగేటప్పుడు ఎక్కడంటే అక్కడ ఆగదు. సిలిండర్లలో నొక్కుకున్న గాలి దాన్ని వెనక్కి నెడుతుంది కాబట్టి నాలుగు సిలిండర్ల ఇంజను దాదాపు ఎప్పుడూ ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లలో ఏదో ఒక చోట ఆగుతుంది. మూడు సిలిండర్లదైతే మూడు చోట్లు. మళ్లీ స్టార్టు చేసినప్పుడు సెల్ఫ్ పళ్లు వచ్చి తగిలేది ఆ రెండు చోట్లకే. ఏళ్ల తరబడి అక్కడే కొట్టుకుని ఆ పళ్లే అరిగిపోతాయి, పక్కన ఉన్న నూరు పళ్లు కొత్తవాటిలా ఉంటాయి.

దీన్ని పట్టుకోవడం సులువు. సెల్ఫ్ తిరగని సమయంలో ఇంజను ఆపి, చివరి గేరులో పెట్టి, బండిని కొంచెం ముందుకు నెట్టండి. చక్రం కొంచెం తిరిగి అరగని పళ్లు ముందుకొస్తాయి. న్యూట్రల్ చేసి సెల్ఫ్ కొట్టినప్పుడు బండి అందుకుంటే, జబ్బు రింగ్ గేర్‌దే. ఖాయం చేసుకోవాలంటే సెల్ఫ్ మోటారు విప్పి, ఆ రంధ్రంలో టార్చి వేసి, కింద క్రాంక్ పుల్లీ బోల్టుకు సాకెట్టు పెట్టి ఇంజనును చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పుతూ ప్రతి పన్నూ చూడాలి. అంతకన్నా ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్యాలి. సెల్ఫ్ మోటారు చిన్న పళ్లను కూడా చూడండి. అవి కూడా అరిగి ఉంటే రెండూ కలిపే మార్చాలి, లేకపోతే పాతవి కొత్తవాటిని తినేస్తాయి.

ఇంతవరకు చూశాక గేరుబాక్సు దించక తప్పదంటే దించుదాం. బండి కింద రాళ్లు, ఇటుకలు పేర్చి పని చేసే అలవాటు మన పల్లెల్లో ఇంకా పోలేదు. జాకీ లేపడానికి మాత్రమే, ఆనించడానికి స్టాండ్లు ఉండాలి. గేరుబాక్సు బరువు ముప్పై నలభై కిలోలు, పెద్ద బండ్లలో అంతకు మించి ఉంటుంది. ఒంటరిగా ఛాతీ మీద ఆపుకునే సాహసం వద్దు. ముందు చక్రాలు లాగే బండ్లలో గేరుబాక్సు విప్పితే ఇంజనుకు ఒక వైపు ఆసరా పోతుంది, కాబట్టి ఇంజనును పై నుంచి వేలాడదీయాలి లేదా కింద నుంచి ఆనించాలి.

గూడు తెరవగానే నల్లటి దుమ్ము కనిపిస్తుంది. కంప్రెసరు గాలి పట్టి ఊదకండి. పాత ప్లేట్ల పూతలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడిగుడ్డతో తుడిచి, ముక్కుకు మాస్కు కట్టుకోండి. దుమ్ము బదులు జిడ్డు కనిపిస్తే అది ఎక్కడిదో ముందు తేల్చాలి. నల్లగా, పలచగా ఉంటే ఇంజను ఆయిలు, అంటే క్రాంక్ వెనక సీలు కారుతోంది. చిక్కగా, గంధకం లాంటి ఘాటు వాసన వస్తే గేరు ఆయిలు. సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేయడం డబ్బు కాల్వలో వేయడమే.

ప్రెషర్ ప్లేటు విప్పగానే ఫ్లైవీల్ ముఖం బయటపడుతుంది. ఇక్కడ తొందరపడకూడదు. గుడ్డతో తుడిచి వెలుతురులో చూడండి. పలుచటి గీతలు, గోరుకు తగలనివి, పరవాలేదు. గోరు ఇరుక్కునే గాడులు ఉంటే అవి ప్లేటు రివెట్లు కోసినవి. నీలం, నలుపు మచ్చలు వేడికి గట్టిపడిన చోట్లు. ఆ మచ్చలు పైకి మాత్రమే ఉండవు, లోపలికి దిగి ఉంటాయి. పాలిష్ పేపరుతో రుద్దితే రంగు పోతుంది, గట్టిదనం పోదు. వెంట్రుకంత చీలికలు ముఖం మీద అక్కడక్కడ ఉంటే యంత్రం మీద తీసేయవచ్చేమో చూడాలి. అంచుకో, బోల్టు రంధ్రానికో చేరిన చీలిక ఒక్కటి కనిపించినా ఆ చక్రం ఇక పనికిరాదు, ఇనుప సామాన్ల కొట్టుకు పోవలసిందే.

వంకర కంటికి తెలియదు. డయల్ గేజీ పెట్టి, క్రాంక్ తిప్పుతూ కొలవాలి. ఎంతవరకు ఒప్పుకోవచ్చో కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది. చాలా కార్లలో అది మిల్లీమీటరులో పదో వంతు నుంచి పదింట రెండు వంతుల దాకానే. డయల్ గేజీ లేని షెడ్డులో "బాగానే ఉంది" అనే మాటకు నేను విలువ ఇవ్వను.

మచ్చలూ గాడులూ తక్కువే అయితే ముఖాన్ని యంత్రం మీద సాపు చేయించవచ్చు. లేత్ కంటే గ్రైండింగ్ మేలు. లేత్ పనిముట్టు గట్టిపడిన మచ్చ దగ్గరికి రాగానే ఎగిరి మచ్చను గుట్టగా వదిలేస్తుంది. గ్రైండింగ్ రాయి మెత్తదాన్నీ గట్టిదాన్నీ ఒకే మట్టానికి తెస్తుంది. మన ఊళ్లో గ్రైండింగ్ దొరక్కపోతే తిరుపతికో చెన్నైకో ఒక రోజు పంపించినా నష్టం లేదు. కొన్ని ఫ్లైవీళ్లలో ప్లేటు ఆనే ముఖం ఒక మట్టంలో, ప్రెషర్ ప్లేటు బిగించే అంచు ఇంకో మట్టంలో ఉంటాయి. ఒకదాన్ని ఎంత తీస్తే రెండోదాన్నీ అంతే తీయాలి, లేకుంటే క్లచ్ పట్టు మారిపోతుంది. కనీస మందం కంటే పలచన చేయకూడదు. పలచనైతే వేడిని దాచుకునే శక్తి తగ్గి మళ్లీ త్వరగా కాలుతుంది.

రింగ్ గేర్ ఒక్కటే పోతే చక్రం మొత్తం మార్చక్కరలేదు, చాలా బండ్లకు ఆ పట్టీ విడిగా దొరుకుతుంది. పాతదాన్ని ఒక పన్ను మొదట్లో డ్రిల్లు వేసి ఉలితో చీలిస్తే ఊడి వస్తుంది. కొత్తదాన్ని సుమారు 200 నుంచి 250 డిగ్రీల దాకా సమంగా వేడి చేసి, చల్లటి చక్రం మీద కూర్చోబెడితే, చల్లారి బిగుసుకుంటుంది. ఎర్రగా కాల్చకూడదు, పళ్ల పదును పోతుంది. పళ్లకు వాలు చెక్కిన వైపు సెల్ఫ్ వచ్చి తగిలే వైపు ఉండాలి. ఈ చిన్న సంగతి మరిచి తలకిందులు వేసిన పట్టీలు ఎన్నో.

ఇప్పుడు రెండు ముక్కల ఫ్లైవీల్. కొత్త డీజిల్ కార్లలో చాలావాటికి ఇదే ఉంటుంది. చక్రం రెండు ముక్కలు, మధ్యలో వంపు తిరిగిన స్ప్రింగులు, గ్రీజు. డీజిల్ ఇంజను కొట్టే దెబ్బలను ఆ స్ప్రింగులు మింగి గేరుబాక్సును కాపాడతాయి. స్ప్రింగులు సడలితే ఇందాక చెప్పిన దడదడ వస్తుంది. దీన్ని యంత్రం మీద సాపు చేయకూడదు, విప్పి బాగు చేసేదీ కాదు. రెండు ముక్కల మధ్య ఆట ఎంతుందో, ఊగుడు ఎంతుందో కంపెనీ చెప్పిన పరికరంతో కొలిచి, దాటితే మార్చాలి. ఖరీదు పదుల వేల రూపాయల్లోకి పోతుంది కాబట్టి, దాన్ని తీసేసి మామూలు ఒంటి ముక్క చక్రం వేసుకోమని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. ఆ బండికే తయారు చేసిన పూర్తి సెట్టు, స్ప్రింగులున్న క్లచ్ ప్లేటుతో సహా, దొరికితే సరే. ఏదో ఒకటి సరిపోయిందని వేస్తే, చక్రం దగ్గర మిగిల్చిన డబ్బును గేరుబాక్సు తరువాత వడ్డీతో వసూలు చేస్తుంది.

చక్రం బిగించే పని చిన్నదే కానీ అశ్రద్ధకు చోటు లేదు. బోల్టులు కొత్తవే వేయాలి. చాలా కార్లలో అవి ఒక్కసారి సాగి బిగిసే రకం. ఎదురెదురుగా, అంచెలంచెలుగా, టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పినంతే బిగించాలి. చేతి అంచనాతో బిగించిన బోల్టు తరువాత వదులైతే చప్పుడు ఇంజను బేరింగు పోయినట్టే ఉంటుంది, మనుషులు ఇంజను విప్పేస్తారు. కొత్త చక్రానికి తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది. బ్రేకు క్లీనరుతో కడగండి, తరువాత ముఖం మీద వేలు కూడా పెట్టకండి. క్లచ్ ప్లేటు మీద ఏ వైపు ఫ్లైవీల్‌కు ఉండాలో రాసి ఉంటుంది, చదివి వేయండి. ప్లేటును మధ్యకు తెచ్చే గైడు పెట్టకుండా ప్రెషర్ ప్లేటు బిగిస్తే గేరుబాక్సు ఎక్కించేటప్పుడు గంటల తరబడి కుస్తీ తప్పదు.

కొత్త క్లచ్ వేశాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మెత్తగా నడపండి. వాలు మీద హ్యాండ్‌బ్రేకుతో నిలపడం అలవాటు చేసుకోండి. కాలు ఊరికే క్లచ్ పెడలు మీద ఆనించి నడిపే అలవాటు ఉంటే మానండి.

బండి షెడ్డులో పెట్టే యజమానులకు నాదొక విన్నపం. గేరుబాక్సు దించాక ఒకసారి మీరే అక్కడికి వెళ్లండి. ఫ్లైవీల్ ముఖం చూపించమనండి, డయల్ గేజీ ముల్లు ఎంత కదిలిందో అడగండి, మార్చిన పాత చక్రాన్నీ ప్లేటునూ మీకు ఇవ్వమనండి. మంచి మెకానిక్కు మీరు అడగకముందే ఇవన్నీ చూపిస్తాడు. చూపించడానికి ఇష్టపడని చోట, గేరుబాక్సు మళ్లీ ఎక్కించకముందే ఆ బండిని ఇంకొకరికి చూపించండి.